మబ్బు మంచుకి గొడుగా, దుప్పటా? ధ్రువాల మీది మేఘాలు, గాలిలో కణాలు, సముద్రపు మంచు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి వేడెక్కుతోంది కాబట్టి ఆర్కిటిక్ మంచు కరుగుతోంది, ఇంతవరకూ అందరికీ తెలుసు. మరి ఆ మంచు మీద ఏడాదిలో ఎక్కువ రోజులు కప్పుకుని ఉండే మబ్బులు ఏం చేస్తున్నాయి, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చే మసీ పొగా ఏం చేస్తున్నాయి అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. "కాపాడతాయి" అని ఒకరు, "కరిగిస్తాయి" అని ఇంకొకరు. ఇద్దరూ తప్పు కాదు, తిరకాసంతా అక్కడే ఉంది. తరచూ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

ముందు ఇది చెప్పండి, ఏ మంచు గురించి ఈ మాటలు?

మన భాషలో ఇదో ఇబ్బంది. పొద్దున్నే పొలాల మీద కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. ఇక్కడ మాట్లాడేది సముద్రం నీరే గడ్డకట్టి పైన తేలే పలక గురించి. ఉప్పునీరు కాబట్టి సున్నా దగ్గర కాకుండా సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మందం ఎంతో ఉండదు, ఎక్కువ చోట్ల 1 నుంచి 3 మీటర్లు, అంటే ఒక గది ఎత్తు కూడా దాటదు. దాని మీద కురిసిన మంచుపొడి ఇంకో పొర. గ్రీన్‌లాండ్ మీద, అంటార్కిటికా నేల మీద కిలోమీటర్ల మందాన ఉండే మంచు వేరే కథ, అది కరిగితే సముద్రమట్టం పెరుగుతుంది. ఈ తేలే పలక కరిగితే మట్టం పెద్దగా మారదు, గ్లాసులో ఐస్‌ముక్క కరిగినట్టే.

ఆర్కిటిక్‌లో మార్చి నాటికి ఈ పలక సుమారు కోటిన్నర చదరపు కిలోమీటర్లకు పరుచుకుంటుంది, సెప్టెంబరుకి అందులో మూడో వంతు కూడా మిగలడం లేదు. ఉపగ్రహాలతో కొలవడం మొదలయ్యాక అన్నిటికంటే తక్కువ మిగిలింది 2012 సెప్టెంబరులో, 33.9 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశం వైశాల్యం కంటే కాస్త ఎక్కువ, అంతే.

మబ్బు పడితే చల్లగా ఉంటుంది కదా. అయితే మంచుకి మంచిదేగా?

పగటిపూట చల్లగా ఉంటుంది. రాత్రి సంగతి గుర్తు చేసుకోండి. లంబసింగిలోనో ఆదిలాబాద్ పక్కనో చలి గజగజ వణికించేది ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లోనే. ఆ రాత్రి మబ్బు కమ్మిందంటే చలి ఒక మెట్టు దిగుతుంది. నేల నుంచి పైకి పోయే వేడి కిరణాలను, బడి పుస్తకాల్లో పరారుణ కిరణాలంటారే వాటిని, మబ్బు పట్టుకుని తిరిగి కిందికి పంపుతుంది. అంటే ఎండకు గొడుగు, చలికి దుప్పటి, రెండు పనులూ ఒకే మబ్బు చేస్తుంది. ఏ పని పైచేయి అన్నదే లెక్క.

ఈ లెక్క ధ్రువాల దగ్గర అడ్డం తిరుగుతుంది. ఒకటి, అక్కడ నెలల తరబడి సూర్యుడే ఉండడు, ఎండే లేనప్పుడు గొడుగుకి పనేముంది, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మబ్బుది అచ్చంగా దుప్పటి పనే. రెండు, ఎండ వచ్చాక కూడా కింద ఉన్నది తెల్లటి పలక. తాజాగా కురిసిన మంచు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా తనే తిప్పికొడుతుంది, పైపొర పోయిన ఉత్త పలక కూడా సగానికి పైగా తిప్పికొడుతుంది. అంత తెల్లటి దాని మీద ఇంకో తెల్లటి గొడుగు పట్టి ఒరిగేది తక్కువ. అదే పలక కరిగి నల్లటి సముద్రం బయటపడితే అది తిప్పికొట్టేది 6, 7 శాతమే, మిగతాదంతా మింగేస్తుంది. అక్కడ గొడుగు విలువైంది. అందుకే ఎవరైనా "మబ్బులు ఆర్కిటిక్‌ని చల్లబరుస్తాయా" అని అడిగితే, ఏ నెలలో, దేని మీద అని ఎదురు అడగాలి.

ఇదంతా కంప్యూటర్ లెక్కలేనా, ఎవరైనా అక్కడ ఉండి కొలిచారా?

కొలిచారు, అదీ ఏడాది పొడవునా. 1997 అక్టోబరులో ఒక కెనడా ఐస్‌బ్రేకర్‌ని, అంటే మంచును పగలగొట్టుకుంటూ పోయే ఓడని, అలాస్కాకి ఉత్తరాన బోఫోర్ట్ సముద్రంలో కావాలనే పలకల్లో ఇరికించేసి, 1998 అక్టోబరు దాకా దాన్నే పరిశోధనశాలగా వాడుకున్నారు. ఆ ప్రాజెక్టు పేరు షీబా. అక్కడ తేలిందేమిటంటే ఏడాదిలో దాదాపు అన్ని నెలలూ మబ్బులు కింది పలకను వెచ్చబరుస్తున్నాయి, నడి వేసవిలో కొన్ని వారాలు మాత్రమే చల్లబరుస్తున్నాయి. నాకైతే మొదటిసారి చదివినప్పుడు ఇది నమ్మబుద్ధి కాలేదు.

షీబా కొలతల్లో నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. చలికాలంలో ఆర్కిటిక్ ఆకాశానికి రెండే మూడ్‌లు. నిర్మలంగా ఉంటే పలక ప్రతి చదరపు మీటరుకీ 40 వాట్ల చొప్పున వేడి పోగొట్టుకుంటుంది. నీటి బొట్లున్న మబ్బు కమ్మితే ఆ నష్టం దాదాపు సున్నాకి వచ్చేస్తుంది. మధ్యలో ఉండే రోజులు తక్కువ, స్విచ్ వేసి ఆపినట్టు ఇటో అటో. గాలి ఉష్ణోగ్రత కూడా ఆ స్విచ్‌తో పాటే 10 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మారిపోతుంది.

ఆ తర్వాత ఇంకా పెద్దది మొజాయిక్ యాత్ర. జర్మనీ వాళ్ల పోలార్‌స్టెర్న్ అనే ఓడ 2019 సెప్టెంబరు 20న నార్వేలోని ట్రామ్సో నుంచి బయల్దేరి, పలకకు అతుక్కుని దానితో పాటే కొట్టుకుపోతూ, 2020 అక్టోబరులో తిరిగొచ్చింది. 20 దేశాల దాకా పాలుపంచుకున్నాయి. మధ్యలో కరోనా వచ్చి పడింది, మనుషుల్ని మార్చడానికి నానా తంటాలు పడ్డారు, అయినా కొలతలు వదల్లేదు.

40 వాట్లంటే ఒక చిన్న బల్బు. దానికింత హడావుడా?

బల్బే, కానీ చదరపు మీటరుకి ఒకటి, రాత్రీ పగలూ. ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక ఘనమీటరు మంచు కరగాలంటే సుమారు 30 కోట్ల జౌళ్ల వేడి కావాలి. చదరపు మీటరుకి ఒక్క వాటు చొప్పున ఏడాదంతా ఇస్తే 3.15 కోట్ల జౌళ్లు. అంటే ఒక్క వాటు ఏడాదిలో సుమారు 10 సెంటీమీటర్ల మంచు కరిగించగలదు, లేదా అంత కొత్తగా పేరుకోకుండా ఆపగలదు. పలక మందమే ఒకటి రెండు మీటర్లైనప్పుడు ఏటా పది సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. కింద ఎక్కడైనా "2 వాట్లు, 3 వాట్లు" అని కనబడితే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

చలికాలంలో ఎలాగూ కరగదు కదా, అప్పుడు దుప్పటి కప్పితే నష్టమేంటి?

చలికాలం పలక లావెక్కే కాలం. కింది నీటి వేడి పలక గుండా పైకి, అక్కణ్ణుంచి ఆకాశంలోకి పోతేనే అడుగున కొత్త మంచు కడుతుంది. మబ్బు ఆ దారి మూసేస్తే పలక పలచగా ఉండిపోతుంది, పలచటిది జూన్, జూలైల్లో ముందు పోతుంది. దీనికి తోడు ఆ మబ్బు కురిపించే మంచుపొడి కూడా పరుపులా పనిచేసి కింద గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేస్తుంది. అదే పొడి వసంతంలో తెల్లగా మెరిసి ఎండను తిప్పికొట్టి కాపాడుతుంది కూడా. ఇలాంటి రెండు నాలుకల వ్యవహారం ఈ సబ్జెక్టంతా కనిపిస్తూనే ఉంటుంది.

ఏ నెల మబ్బు అన్నిటికంటే ముఖ్యం?

నన్నడిగితే వసంతం, అంటే ఏప్రిల్, మే. దక్షిణం నుంచి తేమ, మబ్బు ఎక్కువగా వచ్చిన వసంతాల్లో దుప్పటి ప్రభావంతో కరగడం ముందే మొదలై, సెప్టెంబరుకి మంచు బాగా తగ్గిన సందర్భాలున్నాయని కొలతలు చూపిస్తున్నాయి. ఒకసారి కరగడం మొదలైతే పలక మీద నీటి మడుగులు కడతాయి, మడుగు నల్లగా ఉంటుంది, నల్లనిది ఇంకా ఎండ తాగుతుంది, ఇక ఆగదు.

నడి వేసవిలో దీనికి తలకిందులు. 2007 వేసవిలో ఆర్కిటిక్ పశ్చిమ భాగం మీద మబ్బులు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 16 శాతం తగ్గాయి, కింద పడిన ఎండ చదరపు మీటరుకి 32 వాట్లు పెరిగింది. మూడు నెలల్లో అది పలక కింది వైపు నుంచి 30 సెంటీమీటర్ల మంచును అదనంగా కరిగించడానికి సరిపోతుందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఆ సెప్టెంబరులో మంచు అప్పటి రికార్డు కనిష్ఠానికి పడిపోయింది. మబ్బు ఒక్కటే కారణం అనను, గాలులు కూడా పలకల్ని ఒక పక్కకి తోసేశాయి, పైగా పలక అప్పటికే పలచబడి ఉంది. కానీ గొడుగు తీసేస్తే ఏమవుతుందో ఆ ఏడాది కళ్లకు కట్టింది.

మైనస్ 20 దగ్గర మబ్బులో నీటి బొట్లు ఉంటాయా? గడ్డకట్టవా?

అసలు కథ ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

నీరు సున్నా దగ్గర గడ్డకడుతుందన్నది గిన్నెలో నీటికి వర్తిస్తుంది. మబ్బులోని సన్నటి బొట్టు, అందులో ఏ మలినమూ లేకపోతే, మైనస్ 38 దాకా కూడా నీరుగానే ఉండగలదు. దాన్ని గడ్డకట్టించాలంటే స్ఫటికం మొదలవడానికి ఒక పట్టు కావాలి, అంటే తగిన ఆకారమున్న ఒక కణం, మట్టి ధూళో, మొక్కలూ సూక్ష్మజీవుల తాలూకు నలుసో. పాలకి తోడు చుక్క లాంటిదనుకోండి, తోడు వెయ్యకపోతే పాలు పాలుగానే ఉంటాయి. ఆర్కిటిక్ గాలిలో అలాంటి కణాలు చాలా అరుదు. అందుకే షీబా రోజుల్లో మైనస్ 30కి దిగువన కూడా నీటి బొట్లున్న మబ్బులు కనబడ్డాయి.

నీరుంటే ఏంటి, మంచు స్ఫటికాలుంటే ఏంటి అంటారా? చాలా తేడా. నీటి బొట్లు సన్నగా, లెక్కలేనన్ని ఉంటాయి, పలచటి నీటి మబ్బు కూడా వేడి కిరణాలను గట్టిగా పట్టేస్తుంది. స్ఫటికాలు పెద్దవి, తక్కువ, బరువెక్కి రాలిపోతాయి. పైగా రెండూ ఒకేచోట ఉంటే స్ఫటికాలు నెగ్గుతాయి, చుట్టూ ఉన్న తేమను అవే లాక్కుని పెరుగుతాయి, బొట్లు ఆవిరై సన్నగిల్లుతాయి. ఈ ఆలోచనను 1911లోనే రాసినవాడు ఆల్ఫ్రెడ్ వెగెనర్, ఖండాలు కదులుతాయన్న ఆయనే, తర్వాత 1930లో గ్రీన్‌లాండ్ మంచులోనే చనిపోయాడు. ఆయన పేరు పెట్టుకున్న సంస్థే మొజాయిక్ యాత్రను నడిపింది.

లెక్క ప్రకారం స్ఫటికాలు నీటిని మింగేసి గంటల్లో మబ్బు చెదిరిపోవాలి. కానీ ఆర్కిటిక్ మబ్బులు రోజుల తరబడి నిలబడతాయి. మబ్బు పైభాగం వేడి పోగొట్టుకుని చల్లబడి కిందికి దిగుతుంది, ఆ కదలికకి కొత్త తేమ పైకి లేచి కొత్త బొట్లు పుడతాయి, తనను తానే చిలుక్కుంటూ బతుకుతుందన్నమాట.

మరి ఈ కణాలు ఎక్కడి నుంచి వస్తాయి?

రెండు రకాలు విడిగా పెట్టుకోవాలి. నీటి బొట్టు పుట్టడానికి విత్తనాలు వేరు, బొట్టు గడ్డకట్టడానికి విత్తనాలు వేరు. మొదటి రకం చాలా దొరుకుతాయి, సముద్రపు ఉప్పు, గంధకపు కణాలు, పొగ. రెండో రకం అరుదని పైనే చెప్పాను.

వేసవిలో సముద్రంలోని నాచులాంటి సూక్ష్మమొక్కలు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు వదులుతాయి, సముద్రపు వాసన అంటామే, అందులో దానికీ వాటా ఉంది. అది గాలిలో మారి గంధకపు కణాలవుతుంది, వాటి మీద మబ్బు కడుతుంది. అంటే మంచు కరిగితే నాచు పెరుగుతుంది, నాచు పెరిగితే మబ్బు పెరిగి ఎండ తగ్గాలి. ఇలాంటి స్వయం నియంత్రణ గురించి 1987లో నలుగురు శాస్త్రవేత్తలు ఒక ప్రతిపాదన చేశారు. వినడానికి అందంగా ఉంది, కానీ నిజంలో అంత నీట్‌గా జరుగుతున్నట్టు కనబడలేదు. శరత్తులో సముద్రం తిరిగి గడ్డకట్టే రోజుల్లో అయోడిన్ నుంచి కూడా కొత్త కణాలు పుడుతున్నాయని ఉత్తర ధ్రువానికి దగ్గర్లో చేసిన కొలతల్లో తేలింది. ఈ జాబితా ఇంకా పెరుగుతూనే ఉంది.

ఆర్కిటిక్ హేజ్ అంటే? అక్కడ ఫ్యాక్టరీలు లేవు కదా?

అక్కడ తక్కువే, కింద చాలా ఉన్నాయి. 1950లలో అలాస్కా నుంచి వాతావరణం చూడ్డానికి ఎగిరిన అమెరికన్ పైలట్లకు వసంతంలో గోధుమరంగు పొర కనబడేది, దానికే ఆర్కిటిక్ హేజ్ అన్న పేరు స్థిరపడింది. చాలాకాలం అదేమిటో తేలలేదు. 1970ల తర్వాత ఆ కణాల్లోని మాంగనీస్, వనేడియం లాంటి లోహాల నిష్పత్తిని వేలిముద్రల్లా చూసి, ఇది యూరప్, సోవియట్ ఫ్యాక్టరీల పొగ అని పట్టేశారు. గంధకం, మసి, లోహాలు, అన్నీ కలిసిన మిశ్రమం.

చలికాలం, వసంతంలోనే ఎందుకంటే, అప్పుడు అక్కడి గాలి పొరలు పొరలుగా కదలకుండా ఉంటుంది, కడిగేసే వాన ఉండదు, వచ్చిన పొగ వారాల తరబడి వేలాడుతుంది. వేసవిలో తుంపర్లు కడిగి పారేస్తాయి.

కణాలు ఎక్కువైతే మబ్బు ఇంకా తెల్లగా అవుతుందట. మరి కాలుష్యం మంచుకి మేలే అనుకోవాలా?

ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది, కొంతమంది చిలిపిగా, కొంతమంది సీరియస్‌గానే. మొదటి భాగం నిజం. ఉన్న నీటినే ఎక్కువ విత్తనాలు పంచుకుంటే బొట్లు సన్నగా, ఎక్కువగా అవుతాయి, మబ్బు తెల్లబడుతుంది, ఎండ ఎక్కువ తిప్పికొడుతుంది. దీన్ని టూమీ ప్రభావం అంటారు. ఉష్ణమండల సముద్రాల మీద ఇది చల్లబరిచే పనే.

కానీ హేజ్ వచ్చేదెప్పుడు? చలికాలం చివర, ఎండ లేనప్పుడో, నీరసంగా ఉన్నప్పుడో. అప్పుడు సన్నబడిన బొట్లు చేసేది దుప్పటిని ఇంకా చిక్కగా నెయ్యడం. అలాస్కా ఉత్తరపు కొసన బారో అనే ఊరు, ఇప్పుడు ఉత్కియాగ్విక్ అంటున్నారు, అక్కడ పొగ కలిసిన పలచటి మబ్బులు శుభ్రమైన మబ్బులకన్నా సగటున చదరపు మీటరుకి 3.4 వాట్లు ఎక్కువ వేడిని కిందికి పంపుతున్నాయని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. పై లెక్క గుర్తుందిగా, వాటుకి పది సెంటీమీటర్లు. మబ్బులున్న రోజులకే ఇది వర్తిస్తుంది కాబట్టి అంతా కరగదు, అయినా కొట్టిపారేసే సంఖ్య కాదు.

వేసవి చివర ఇంకో వింత. మధ్య ఆర్కిటిక్ గాలి ఒక్కోసారి ఎంత శుభ్రంగా ఉంటుందంటే ఘన సెంటీమీటరుకి పది విత్తనాలు కూడా దొరకవు. మన ఊళ్ల గాలిలో అవి వేలల్లో ఉంటాయి. అంత కరువులో ఉన్న కాసిని విత్తనాల మీదే బొట్లు లావెక్కి రాలిపోతాయి, మబ్బు నిలవదు. 2008లో ఒడెన్ అనే స్వీడన్ ఓడ మీద వెళ్లినవాళ్లకి ఇది స్పష్టంగా కనబడింది. అలాంటి చోట నాలుగు కణాలు కలిసినా మబ్బు నిలబడి, కింది పలకను వెచ్చబరుస్తుంది. ఓడల రాకపోకలు పెరిగితే ఏమవుతుందన్న టెన్షన్ అందుకే.

మసి సంగతి?

మబ్బులతో పోలిస్తే మసి కథ సూటిగా ఉంటుంది. తెల్ల పంచె మీద మసి పడితే ఎలా కనబడుతుందో అలాగే, తెల్లటి మంచుపొడి మీద అతి కొద్ది మసి పడినా అది ఎండ తాగడం మొదలుపెడుతుంది. ఆర్కిటిక్ మంచుపొడిలో మసి వంద కోట్ల పాళ్లకి పది ఇరవై పాళ్లు, ఆ లెక్కలో ఉంటుంది. తెల్లదనం తగ్గేది ఒక శాతం చుట్టుపక్కలే, అయితే అది సరిగ్గా కరగడం మొదలయ్యే వసంతంలో, ఇరవై నాలుగు గంటల ఎండలో. గోరుచుట్టు మీద రోకటిపోటు. పైగా పైపొర కరిగితే మసి అంతా కొట్టుకుపోదు, కొంత పైనే మిగిలి ఇంకా నల్లబడుతుంది.

నేల మీద పడకుండా గాలిలోనే ఉన్న మసి ఎండను పైనే తాగేసి ఆ పొరను వేడెక్కిస్తుంది, దానివల్ల అక్కడి మబ్బు చెదరొచ్చు, పొర ఎత్తును బట్టి నిలబడనూ వచ్చు. ఓడల్లో వాడే చిక్కటి తారులాంటి ఇంధనాన్ని ఆర్కిటిక్ జలాల్లో 2024 జూలై 1 నుంచి నిషేధించారు, కానీ కొన్ని ఓడలకు 2029 దాకా మినహాయింపులిచ్చారు. ఇలాంటి నిషేధాలు చూస్తే నాకు మన ప్లాస్టిక్ సంచుల నిషేధమే గుర్తొస్తుంది.

అయితే పొగ తగ్గించడం వల్ల మంచు కరుగుతోందా? అలా ఎక్కడో చదివాను.

సగం నిజం. గంధకపు కణాలు మొత్తం మీద, ముఖ్యంగా ఆర్కిటిక్‌కి దక్షిణాన, భూమిని చల్లబరిచేవే. 1980 తర్వాత ఆమ్ల వర్షాల గొడవతో యూరప్ గంధకాన్ని బాగా తగ్గించింది, దానివల్ల ఆర్కిటిక్ సుమారు అర డిగ్రీ అదనంగా వెచ్చబడిందని ఒక కంప్యూటర్ మోడల్ లెక్క. అంటే అప్పటిదాకా పొగ ముసుగేసి దాచిన వేడి బయటపడింది. ముసుగు తీసినవాడిదా తప్పు, కింద గాయం చేసినవాడిదా? గంధకపు కణాలు వారం రోజుల్లో రాలిపోతాయి, బొగ్గుపులుసు వాయువు శతాబ్దాలు ఉంటుంది. రోజూ కొత్తగా ఊపిరితిత్తుల్లోకి విషం పంపుతూ ఆ ముసుగు నిలబెట్టాలనడం నాకు వాదనలా అనిపించదు.

అడవి మంటల పొగ?

సైబీరియా, కెనడా అడవులు తగలబడ్డప్పుడు పొగ ఆర్కిటిక్ మీదికి వెళ్తుంది. ఇక్కడ ఒక తమాషా జరిగింది. వాతావరణ మోడళ్లకి ఇచ్చే మంటల లెక్కలు 1997 నుంచి ఉపగ్రహాల నుంచి వచ్చాయి, కాబట్టి అప్పటి నుంచి ఏడాదికీ ఏడాదికీ బాగా హెచ్చుతగ్గులు కనబడతాయి. అంతకుముందువి నున్నటి సగటు లెక్కలు. హెచ్చుతగ్గులు పెట్టేసరికి ఒక మోడల్‌లో 2000 తర్వాత మంచు వేగంగా కరగడం మొదలైంది, సగటు పొగ అంతే ఉన్నా. పొగ తక్కువైన ఏడాది ఎండ వల్ల పోయిన మంచు, పొగ ఎక్కువైన ఏడాది తిరిగి అంతే రాదు, అదీ కారణం. అంటే మోడల్‌లో కనబడిన కరుగుదలలో కొంత, లెక్కలు ఇచ్చే పద్ధతి మారడం వల్ల వచ్చింది. 2022లో ఇది బయటపడ్డాక చాలామంది తమ ఫలితాలు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

అంటార్కిటికాలో కూడా ఇంతేనా?

కాదు. అక్కడ మధ్యలో నేల, చుట్టూ సముద్రం, చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేవు. మసి, హేజ్ గొడవ చాలా తక్కువ, అక్కడి కణాలు ప్రధానంగా సముద్రపు ఉప్పు, నాచు గంధకం, గాలికి లేచిన ఉప్పు మంచు. గడ్డకట్టించే విత్తనాలు మరీ కరువు, అందుకే దక్షిణ మహాసముద్రం మీద మబ్బులు సున్నాకి బాగా దిగువన కూడా నీటితో నిండి తెల్లగా మెరుస్తాయి.

మోడళ్లకి ఇది చాలాకాలం అర్థం కాలేదు. వాటిలో మబ్బు తొందరగా స్ఫటికాలై రాలిపోయేది, గొడుగు పలచబడేది, ఎండ సముద్రంలోకి దిగి నీరు ఉండాల్సిన దానికంటే వెచ్చబడేది, దాంతో మంచు లెక్క కూడా తప్పేది. 2018లో ఆస్ట్రేలియాలోని హోబర్ట్ నుంచి విమానాలు పంపి ఆ మబ్బుల్లోకి దూరి కొలిచాక కొన్ని మోడళ్లు బాగుపడ్డాయి.

ఇక మంచు విస్తీర్ణం విషయానికొస్తే, 2014లో అక్కడి చలికాలపు గరిష్ఠం 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టింది, 2016 నుంచి పడిపోయింది, 2023 ఫిబ్రవరిలో వేసవి కనిష్ఠం 17.9 లక్షలకు దిగింది. ఈ పతనానికి ప్రధాన అనుమానం సముద్రం లోపలి వేడి మీద, గాలుల మీద ఉంది, మబ్బు మీద కాదు.

మంచు తగ్గితే నీరు ఆవిరై మబ్బులు పెరుగుతాయి కదా, అవే మళ్లీ కాపాడవా?

కాపాడితే బాగుండేది. వేసవిలో బయటపడ్డ నీటి మీది గాలి నీటికన్నా వెచ్చగా ఉంటుంది, తేమ పైకి లేవదు, కాబట్టి కొత్త మబ్బులు పెద్దగా పుట్టడం లేదని ఉపగ్రహాల లైడార్, అంటే లేజర్ కాంతితో కొలిచే పరికరం, చూపింది. పుట్టేది శరత్తులో, చల్లగాలి వెచ్చటి నీటి మీద వీచినప్పుడు. అప్పటికి ఎండ పోయింది. గొడుగు కావాల్సినప్పుడు రాదు, దుప్పటి వద్దన్నప్పుడు వస్తుంది.

తెల్ల మంచు మీద తెల్ల మబ్బు ఉంటే ఉపగ్రహానికి ఎలా తెలుస్తుంది?

మామూలు కెమెరాకి కష్టమే. అందుకే మంచు విస్తీర్ణాన్ని మైక్రోవేవ్‌లతో కొలుస్తారు, అవి మబ్బుల్లోంచి, చీకట్లోంచి కూడా వస్తాయి, 1979 నుంచి తెగని రికార్డు ఉన్నది దాని వల్లే. మబ్బుల కోసం 2006 ఏప్రిల్‌లో క్లౌడ్‌శాట్, కాలిప్సో అని రెండు ఉపగ్రహాలు ఒకే రాకెట్‌లో వెళ్లాయి, ఒకటి రాడార్, ఇంకోటి లైడార్. 2007 వేసవి కథ తెలిసింది వాటి పుణ్యమే. ఇప్పుడు ఆ పని యూరప్, జపాన్ కలిసి 2024 మేలో పంపిన ఎర్త్‌కేర్ చేస్తోంది. వీటన్నిటికీ ఒక లోటుంది, కక్ష్య వంపు వల్ల 82, 83 డిగ్రీల అక్షాంశానికి పైన సరిగ్గా ధ్రువం మీద చూపు పడదు.

మనమే ఉప్పు చల్లి మబ్బుల్ని తెల్లగా చేసేస్తే?

ఏ మబ్బుని, ఏ నెలలో? పైన చదివాక మీకే అనుమానం రావాలి. జూలైలో నీటి మీద అయితే పనిచేయొచ్చు, అదే కణాలు అక్టోబరు దాకా మిగిలితే దుప్పటి చిక్కబడుతుంది. ఇంట్లో ఫ్యాన్ స్విచ్‌కీ గీజర్ స్విచ్‌కీ తేడా తెలియకుండా చీకట్లో నొక్కడం లాంటిది.

మనవాళ్లు ఎవరైనా అక్కడ పని చేస్తున్నారా?

ఉన్నారు. నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, 79 డిగ్రీల ఉత్తరాన, నీ-ఒలేసుండ్ అనే చిన్న ఊళ్లో భారత్ కేంద్రం హిమాద్రి 2008 నుంచి ఉంది. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతుంది. 2014లో పక్కనున్న కాంగ్స్ ఫియార్డ్ నీటిలో ఇండార్క్ అనే పరికరాల గొలుసు దించారు. చాలా ఏళ్లు వేసవిలోనే వెళ్లేవారు, 2023 డిసెంబరులో మొదటిసారి చలికాలపు బృందాన్ని పంపారు. దుప్పటి పని జరిగేది చలికాలంలోనే కాబట్టి నా దృష్టిలో ఆ మార్పు చాలా అవసరమైంది. దక్షిణాన అంటార్కిటికాలో మైత్రి, భారతి కేంద్రాలు ఎలాగూ ఉన్నాయి.

ఆ గోవా కేంద్రం శాస్త్రవేత్తలే 2021లో రష్యాకి ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మన దగ్గర సెప్టెంబరులో కురిసే కుండపోత వానలకీ ఒక సంబంధం చూపించారు. ఎక్కడి మంచు, ఎక్కడి వాన అనిపిస్తుంది, గాలుల అలలు మధ్యలో ఉన్నాయి.

సెప్టెంబరులో మంచే లేని ఆర్కిటిక్ ఎప్పుడొస్తుంది?

"మంచు లేని" అంటే సున్నా అని కాదు, 10 లక్షల చదరపు కిలోమీటర్లకన్నా తక్కువ అని లెక్క, ఎందుకంటే గ్రీన్‌లాండ్, కెనడా తీరాల పక్కన కొంత ఎలాగూ ఇరుక్కుని ఉంటుంది. 2050 లోపు కనీసం ఒక్క సెప్టెంబరైనా అలా గడుస్తుందని 2021లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం, అంచనా వేసింది, ఉద్గారాలు ఎలా ఉన్నా సరే. ఏ ఏడాదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. మొత్తం దిశను నిర్ణయించేది వేడిని పట్టి ఉంచే వాయువులు, కానీ ఫలానా ఏడాది జూన్‌లో ఎండ కాస్తుందా, మబ్బు కమ్ముతుందా అన్నది చాలా తేడా తెస్తుంది. రోజువారీ విస్తీర్ణం లెక్కలు అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న జాతీయ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్ ఉచితంగా పెడుతుంది. చూసేవాళ్లు సెప్టెంబరు అంకె కోసం ఆగకుండా మే చివర నుంచే చూడండి, మడుగులు కట్టడం అప్పుడే మొదలవుతుంది.